కింద పెట్టకూడని బదనిక

ఆ ఉదయం మొయినాబాద్‌లోని కుక్కల దవాఖానలో ఇబ్బంది కుక్కతో కాదు, బదనికతో వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు.

ముడిమ్యాల వైపు ఒక ఊరికి మాజీ సర్పంచ్ గది మధ్యలో నిలబడి ఉన్నాడు. చాపిన రెండు చేతుల మీద తెల్ల తువ్వాల, తువ్వాలలో మామిడి కొమ్మ మీంచి విరిచిన బదనిక, పచ్చటి ఆకుల మోపు. బారసాలలో బిడ్డను ఎత్తుకున్న మేనమామలా కదలకుండా పట్టుకున్నాడు. ఆయన కాళ్ల దగ్గర ఆయన కుక్క టైగర్ కూర్చుని ఉంది. దాని పొట్ట కింద పాల వరుసలో ఒక గడ్డ. డాక్టరమ్మ దాన్ని చూడాలి. చూడాలంటే టైగర్‌ను బల్ల మీదికి ఎక్కించి ఎవరో ఒకరు తల పట్టుకోవాలి. ఇంటివాళ్లు తప్ప వేరేవాళ్లు ముట్టుకుంటే అది ఊరుకోదు. ఇంటాయన చేతులేమో ఖాళీగా లేవు.

“అన్నా, ఆ ఆకు జర బల్ల మీద పెట్టి కుక్కను పట్టుకోండి,” అంది డాక్టరమ్మ.

“బల్ల స్టీలుది. దీనికి ఇనుము తాకొద్దమ్మా.”

“అయితే ఆ కుర్చీల పెట్టండి. ప్లాస్టిక్‌దే.”

“కుర్చీ కాళ్లు నేల మీదున్నయి గద. నేల తాకినట్టే.”

“మరి మీ కాళ్లు ఎక్కడున్నయి?”

ఆయన తన చెప్పుల వైపు ఒకసారి చూసుకున్నాడు. “నేను మనిషిని. నాకు చెల్లుతది.”

“పోనీ విలేకరి గారికి ఇయ్యండి.”

“చెయ్యి మారొద్దు. పిలిచినోడే మొయ్యాలె.”

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “ఇదంత కూడ మీ పేపర్ల రాసిన్రా?”

“లేదమ్మా. ఈ ముక్క ఆయన సొంతం,” అన్నాను.

మిగిలింది మాత్రం మా పేపర్లోదే.

నేను చేవెళ్లలో ఒక తెలుగు దినపత్రికకు ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేశాను. ఈ పనిలో రిటైర్మెంటు అంటూ ఉండదు, ఫోన్ మోగడం తగ్గుతుంది, అంతే. ఇప్పుడు కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, సార్ మీరు రాసిన వాటిలో పెద్ద వార్త ఏది అని అడుగుతారు. ఎన్నికలో, భూముల గొడవో చెబుతానని ఫోన్లో రికార్డింగ్ కూడా పెడతారు. నేను టైగర్ సంగతి మొదలుపెడతాను. కొందరు రికార్డింగ్ ఆపేస్తారు. ఆపనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మనుషుల పేర్లు చెప్పను. అందరం ఇంకా ఇదే రోడ్డు మీద ఎదురుపడుతున్నాం. కుక్క పేరు చెప్పడానికి అభ్యంతరం లేదు, అది పరువునష్టం దావా వేయదు. టైగర్ ఆడకుక్క. పిల్లగా ఉన్నప్పుడు ఎవరూ సరిగ్గా చూడకుండా పేరు పెట్టేశారు. తెలిశాక మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ముందుగా డాక్టరమ్మ గురించి చెప్పాలి. మొయినాబాద్‌లో ఫార్మ్‌హౌసులు పెరిగిన కొద్దీ కుక్కలూ పెరిగాయి. ఆదివారం ఆ దవాఖాన ముందు ఆగే కార్లను చూస్తే లోపల ఏదో పెళ్లిచూపులు జరుగుతున్నాయనుకుంటారు. మోకిల విల్లాల్లో ఉండే ఒక మేడమ్ లాబ్రడార్‌కు క్యాన్సర్ వచ్చింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి గడ్డ తీసేసింది. తర్వాత ఆ మేడమ్ విదేశాల నుంచి ఒక మందు తెప్పించుకుని, ఇది కూడా ఇవ్వండని పట్టుబట్టింది. మిసిల్‌టో అనే మొక్క నుంచి తీసిన రసం. చిన్న చిన్న గాజు గొట్టాల్లో వస్తుంది, చర్మం కింద సూదితో ఇవ్వాలి. అక్కడ మనుషులకూ, కుక్కలకూ అసలు వైద్యానికి తోడుగా ఇస్తారట. డాక్టరమ్మ తనకు చదువు చెప్పిన సార్లను అడిగి, చదవాల్సింది చదివి, “హాని లేకుండ జాగ్రత్తగ ఇస్త. నయమైతదని మాత్రం మాటియ్య,” అని ఒప్పుకుంది.

ఈ సంగతి నాకు తెలిసింది. విలేకరికి ఇంతకన్నా తీపి ఏముంటుంది? మోకిలలో ఆ మేడమ్ ఇంటికి వెళ్లాను. సోఫాలో కూర్చున్న లాబ్రడార్ నన్ను కింద నుంచి పైదాకా చూసి పక్కకు జరిగింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మేడమ్ చెప్పింది విన్నాం. మిసిల్‌టో అని రాస్తే మా పాఠకులకు ఏం అర్థమవుతుంది? ఆరా తీస్తే అది మన బదనిక జాతి మొక్క. మామిడి కొమ్మను పట్టుకుని, దాని రసమే తాగి, దాని మీదే పూలు పూసే మొక్క మన దగ్గర ఏ తోటలో లేదు? కాబట్టి ‘మన బదనిక లాంటి మొక్క’ అని రాశాను.

వార్త రాయడంలో మాకు మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. ముఖ్యమైనది పైన పెట్టు, మిగిలింది కింద పెట్టు. పేజీలో చోటు చాలకపోతే కత్తెర కింది నుంచి వస్తుంది కాబట్టి. నేనూ అలాగే పెట్టాను. పైన కుక్క, దాని జబ్బు, విదేశీ మందు. మధ్యలో కుక్క మళ్లీ బంతి వెంట పరిగెత్తడం. చివరి రెండు పేరాల్లో డాక్టరమ్మ మాటలు: ముందు ఆపరేషన్, ఇది తోడు మాత్రమే, ఇది పనిచేస్తుందనడానికి ఇంకా గట్టి రుజువులు లేవు, మన చెట్ల మీది బదనిక తెచ్చి కుక్కలకు పోయవద్దు. తప్పేం లేదు, అందరం అలాగే రాస్తాం. సంతోషం పైన ఉంటుంది, సందేహం కింద ఉంటుంది.

విలేకరి వార్తలు మాత్రమే తేడు, ప్రకటనలు కూడా తేవాలి. ఆ సాయంత్రం వార్త పంపి చాయ్ తాగుతుండగా మన మాజీ సర్పంచ్ ఫోన్ చేశాడు.

“అన్నా, రేపు మా లీడర్ పుట్టినరోజు. శుభాకాంక్షలు పడాలె. నా ఫోటో జర పెద్దగ రానియ్యి.”

“మీ ఫోటోనా, లీడర్ ఫోటోనా?”

“ఆయనది అందరు చూసిందే గదనే.”

ఆయన సర్పంచ్ ఎన్నికలో ఓడిపోయి ఎక్కువ కాలం కాలేదు. తనను జనం మరిచిపోలేదని లీడర్‌కు తెలియాలన్నది ఆయన తాపత్రయం. ప్రకటన పంపాను. పొద్దున పేపర్ విప్పితే నా వార్త లాబ్రడార్ బంతి వెంట పరిగెత్తడంతో ముగిసింది. దాని కింద, చేతులు జోడించి, కొత్త అంగీలో మాజీ సర్పంచ్ నవ్వుతున్నాడు.

డెస్క్‌లో ఆ పేజీ పెట్టిన సబ్ ఎడిటర్‌కు ఫోన్ చేశాను. రాత్రి డ్యూటీ చేసి ఇంట్లో నిద్రపోతున్నవాడు లేచాడు.

“తమ్మీ, ఆఖరి రెండు పేరాలు ఎటు పోయినయి?”

“ఎటు పోతయన్నా? నువ్వు పంపిన యాడే గద. దానికి జాగ మా ఇంట్లకెల్లి తేవాల్నా?”

“అసలు ముచ్చట అండ్లనే ఉండె.”

“అసలు ముచ్చట కింద ఎందుకు పెట్టినవ్ మరి?” అన్నాడు. ఆవలించి మళ్లీ అన్నాడు: “అచ్చయిందాంట్ల అబద్ధమేమన్న ఉన్నదా?”

లేదు. అదే మా వృత్తిలో ఉన్న గమ్మత్తు. అచ్చయిన ప్రతి వాక్యమూ నిజమే.

ఇక టైగర్ సంగతి. అది మాజీ సర్పంచ్ తల్లి పెంచిన కుక్క. ఆ అవ్వ పొద్దున పాలు పితకడానికి వెళితే వెంట వెళ్లేది, ఆమె తినేదాకా తినేది కాదు. అవ్వకు కడుపులో గడ్డ వచ్చింది. పట్నం దవాఖానలో ఆపరేషన్ చేశారు, ఆమె మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. టైగర్ చాలా రోజులు గేటు దగ్గరే పడుకుందట. ఆ తర్వాత ఎన్నిక వచ్చింది, ఓటమి వచ్చింది, చుట్టూ తిరిగినవాళ్లు పక్క పార్టీలో తేలారు. “ఓడిపోయినంక పార్టీ మారనిది ఇదొక్కతే,” అనేవాడాయన కుక్క వీపు నిమురుతూ. నవ్వుతూనే అనేవాడు.

అలాంటి టైగర్‌కు గడ్డ వచ్చింది. స్నానం చేయిస్తుంటే ఆయన భార్య చేతికి తగిలింది. డాక్టరమ్మ చూసి వెంటనే కోసి తీసేయాలంది. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లోకి పాకుతుంది, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండదని కూడా చెప్పింది. ఆయన సరేనని ఇంటికి తీసుకుపోయాడు. పెండ్లిళ్లు అయిపోనీ అన్నాడు. క్యారెట్ తవ్వడం అయిపోనీ అన్నాడు. మీటింగు ఉందన్నాడు. కోయడమనే మాట వినబడితే ఆ మనిషికి అవ్వ గుర్తొస్తుందని ఆయన భార్యకు తెలుసు. ఆయనకు చెప్పే ధైర్యం ఆమెకు లేదు.

అప్పుడు వచ్చింది పేపర్. తన ఫోటో చూసుకోవడానికి విప్పాడు. ఫోటో మీద ఏముందా అని కన్ను పైకి పోయింది. క్యాన్సర్, కుక్క, సూది, బదనిక. చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన పొలం గట్టున మామిడి చెట్టు సగం బదనికే.

బదనికను ఊరికే తెంపకూడదని ఇటువైపు పాతకాలం నుంచి ఒక పట్టింపు ఉంది. ముందురోజు సాయంత్రం స్నానం చేసి చెట్టు దగ్గరికి వెళ్లి, పసుపు దారం కట్టి, అక్షింతలు వేసి, పిలవాలి. తెల్లవారాక ఇనుము తాకించకుండా చేత్తోనే విరవాలి. పిలిచిన మనిషే మోయాలి, నేల తాకనివ్వకూడదు, తాకితే అందులో ఉన్నది పోతుంది. ఆయన అన్నీ తూచా తప్పకుండా చేశాడు. ఆ పిలుపును తర్వాత ఆయన భార్య నాకు అభినయించి చూపించింది: “‘అమ్మా, మా టైగర్ కోసం రేపు పొద్దుగాల వస్త, నా ఎంబడి రావాలె’ అని రెండు చేతులు జోడిచ్చిండు. పెండ్లయినకాడికెల్లి నన్ను ఒక్కసారన్న గంత మర్యాదగ పిలిస్తే ఒట్టు!”

ఆ రాత్రి ఆయన నాకు ఫోన్ చేసి, “నీ వార్త మస్తున్నదన్నా. పొద్దుగాల మొయినాబాద్ దవాఖానకు రా,” అన్నాడు. ప్రకటన బాగా వచ్చినందుకు చాయ్ తాగిస్తాడనుకుని బయల్దేరాను.

మళ్లీ దవాఖానకు వద్దాం. ఆయన చేతుల్లో మోపు అలాగే ఉంది.

“నా జేబుల పేపరున్నది, తియ్యన్నా,” అన్నాడు నాతో. తీశాను. “డాక్టరమ్మా, కోసుడు వద్దు. మోకిల కుక్కకు ఇచ్చినట్టు సూది ఇయ్యండి. ఆకు నేనే తెచ్చిన. మీరు రసం తీసుకుంటే సరిపాయె.”

డాక్టరమ్మ పేపర్ తీసుకుని చదివింది. తిప్పి చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

“నేను చెప్పింది ఏది?” అని నన్ను అడిగింది. “ముందు ఆపరేషన్ అన్న. దీనికి గట్టి రుజువుల్లేవన్న. మన బదనిక వాడొద్దన్న. అన్ననా లేదా?”

“అన్నరు. నేను రాసిన గూడ.”

“ఏది మరి?”

నేను మాజీ సర్పంచ్ ఫోటో మీద వేలు పెట్టాను. “ఇక్కడుండె.”

ఆయన మోపు జారిపోకుండా మెడ మాత్రం ముందుకు చాపాడు. “నా ఫోటో కిందనా?”

“మీ ఫోటో జాగలనే. మీ యాడ్ వచ్చింది, అవి పోయినయి.”

ఆయన తన ఫోటోను కోపంగా చూశాడు, తర్వాత కొంచెం మెత్తగా చూశాడు.

“ఫోటో అయితే మంచిగనే వచ్చింది,” అన్నాడు చివరికి.

డాక్టరమ్మ ఫ్రిజ్‌లోంచి మోకిల మేడమ్ మందు డబ్బా తెచ్చి ఆయన కళ్ల ముందు పెట్టింది. “చూడండన్నా. ఇది, మీరు తెచ్చింది ఒక్కటి కాదు. దాయాదులు.”

“దాయాదులైతే మంచిదే గదమ్మా, ఒక్క రక్తమే.”

“మీ దాయాదులు మీకు ఓటేసిన్రా?”

డాక్టరమ్మ వదలకుండా చెప్పింది: ఆ రసాన్ని శుభ్రం చేసి, కొలిచి, చుక్కల్లో ఇస్తారు, పచ్చి ఆకు నూరి పోస్తే కుక్కకు వాంతులు, ఇంకా పెద్ద ప్రమాదాలు రావచ్చు. ఆయన తలూపుతున్నాడు. ఒప్పుకుంటున్నాడనుకున్నాం. అప్పుడు ఒక ప్రశ్న వేశాడు.

“ఇది ఏ చెట్టు మీదిది?”

“ఏది?”

“మీ డబ్బాల బదనిక. బదనిక అంటే ఏ చెట్టు మీదిదో చెప్పాలె గద. మామిడిదా, మేడిదా, వేపదా?”

డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసింది. ఆమె ముఖంలో నవ్వు తగ్గింది. ఆ తయారీదార్లు నిజంగానే మొక్క ఏ చెట్టు మీద పెరిగిందో డబ్బా మీద ఒక అక్షరంతో సూచిస్తారట. “ఆపిల్ చెట్టు మీదిది,” అంది నెమ్మదిగా. “దేవదారు అసొంటి చెట్లవి వేరే ఉంటయి.”

“చూసినవా!” ఆయన అరుపుకు టైగర్ చెవులు నిక్కపొడిచింది. “చూసినవా విలేకరన్నా! ఇంగ్లిషోల్లకు గూడ ఎరుకే! ఆపిల్‌ది వాళ్లది, మామిడిది మనది. పండ్ల చెట్టుకు పండ్ల చెట్టు!”

ఆమె చెప్పిందంతా ఆ ఒక్క డబ్బాతో కొట్టుకుపోయింది. నా సగం వార్త, ఆయన సగం జ్ఞానం కలిసి నిండు నమ్మకమై కూర్చున్నాయి. నిండు నమ్మకాన్ని కదపడం ఎంత కష్టమో ఎన్నికలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

డాక్టరమ్మ వాదన మానేసింది. “సరే అన్నా. మందు సంగతి తర్వాత. ముందైతే గడ్డ చూడనియ్యండి,” అని పక్కనున్న కాంపౌండర్‌కు సైగ చేసింది. అది తేరుకునేలోపే కాంపౌండర్ టైగర్‌ను వెనక నుంచి ఎత్తి బల్ల మీద నిలబెట్టాడు. తల నేను పట్టుకోబోయాను, గుర్రుమంది. వెనక్కి తగ్గాను. వార్త రాసినవాడినని దానికి తెలిసినట్టే ఉంది.

డాక్టరమ్మ వేళ్లు గడ్డకు తగిలాయి. టైగర్ గిరుక్కున తిరిగింది. నున్నటి స్టీలు మీద గోళ్లు పట్టు దొరకక జారాయి. ముందుకాళ్లు బల్ల అంచు దాటాయి, కాంపౌండర్ చేతిలో తోక మాత్రం మిగిలింది. కుక్క తలకిందులుగా నేల వైపు పోతోంది.

“అరె, టైగర్!”

మాజీ సర్పంచ్ రెండు చేతులూ చాపి దాన్ని పట్టుకున్నాడు. పొట్టకు హత్తుకున్నాడు. టైగర్ ఆయన చంకలో ముక్కు దూర్చి వణుకుతోంది. తువ్వాల, దారం, ఆకులు, ఎర్రటి పూలు, అన్నీ చెల్లాచెదురుగా నేల మీద పడి ఉన్నాయి.

ఎవరమూ వంగి తీయలేదు. తీస్తే ఏం తప్పో మాకు తెలియదు.

“అట్లనే పట్టుకోండన్నా,” అని డాక్టరమ్మ మెల్లగా చేయి పెట్టి గడ్డను అన్నివైపులా తడిమింది. ఈసారి టైగర్ కదల్లేదు.

“పెరిగింది,” అంది. “పోయినసారి నిమ్మకాయంత. ఇప్పుడు బత్తాయికి దగ్గర.”

ఆయన కుక్క నెత్తి మీద గడ్డం ఆనించి అడిగాడు: “మా అవ్వకు గూడ గిట్లనే చెప్పిన్రు. కోస్తే… ఇంటికొస్తదా?”

“వస్తదని రాసియ్యలేనన్నా. కొయ్యకపోతే ఏమైతదో మాత్రం చెప్పగలుగుత.”

ఆయన నేల మీది ఆకుల వైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

“పడనే పడ్డది గద,” అన్నాడు. “ఇగ కొయ్యండమ్మా.”

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు ఆయన, నేను రోడ్డు అవతల చాయ్ హోటల్లో కూర్చున్నాం. మూడు చాయ్‌లు చెప్పాడు, ఒక్కటీ తాగలేదు. ఎన్నికల లెక్కింపు రోజు కూడా ఆ మనిషిని అట్లా చూడలేదు. సాయంత్రం మేం దవాఖాన లోపల కూర్చుని ఉండగా, టైగర్ మెడకు ప్లాస్టిక్ గరాటా తగిలించుకుని ఆపరేషన్ గదిలోంచి తూలుతూ వచ్చి, నేరుగా వెళ్లి ఆయన చెప్పు మీద కూలబడింది. ఆయన ముఖం అటు తిప్పుకుని, కండ్లల్ల దుమ్ము పడ్డదన్నాడు. దవాఖాన లోపల, ఫ్యాన్ కింద, దుమ్ము.

లేచి నిలబడగానే మళ్లీ రాజకీయ నాయకుడైపోయాడు. “కోసుడు మీ మాట విన్న. సూది నా మాట వినాలె. ఆపిల్‌దే ఇయ్యండి,” అని డాక్టరమ్మతో బేరం పెట్టాడు. మోకిల మేడమ్ తన దగ్గర మిగిలిన మందు సంతోషంగా ఇచ్చింది. డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ చెప్పి, కొద్దికొద్దిగా ఇచ్చింది. సూది ఇచ్చిన చోట కొంచెం ఎర్రబడి తగ్గేది, అంతకుమించి తేడా ఏమీ కనిపించలేదు.

నేను ఇంకో వార్త రాశాను. ఈసారి సందేహాన్ని మొదటి పేరాలో పెట్టాను. డెస్క్ దాన్ని కొన్ని రోజులు నానబెట్టి ఒక మూల వేసింది. ఆ పేజీలో ఎవరి ఫోటోతోనూ ప్రకటన లేదు, కాబట్టి ఎవరూ దాన్ని దాచుకోలేదు. మొదటి వార్త మాత్రం షాబాద్ దాకా పాకింది. సంచుల్లో బదనిక పట్టుకుని, కుక్కలకే కాదు బర్రెలకు కూడా సూదులు అడగడానికి జనం వచ్చారు. చివరికి డాక్టరమ్మ తలుపుకు బోర్డు పెట్టింది: ‘బదనిక లోపలికి తేవద్దు’. అందరూ సంచులను బయట చెట్టుకు ఆనించి లోపలికి వచ్చేవారు.

దీనివల్ల ఒక మేలు జరిగింది. మామిడి చెట్లను పీల్చేస్తోంది, బదనికను తెంపేయండని వ్యవసాయ అధికారులు ఏళ్ల తరబడి చెప్పినా ఎవరూ వినలేదు. నా సగం వార్త చదివి తోటలకు తోటలే శుభ్రం చేసేశారు. మరుసటి ఎండాకాలం మా వైపు మామిడి విరగకాసింది. ఆ వార్త వల్ల ఎవరైనా బాగుపడ్డారని నేను ఒట్టేసి చెప్పగలిగేది మామిడి చెట్ల గురించే.

మోకిల లాబ్రడార్ మరో ఏడాది బతికి చనిపోయింది. ఆ ఏడాది సూదుల పుణ్యమేనని మేడమ్ అంటుంది. కావచ్చు. టైగర్ మూతి ఇప్పుడు తెల్లబడింది, ట్రాక్టర్ నీడన పడుకుని వచ్చేపోయేవాళ్లను ఒక కన్నుతోనే చూస్తుంది. మొన్న వెళితే ఆయన భార్య దాన్ని వెల్లకిలా తిప్పి, రెండో వరుసలో ఒక చిన్న గడ్డ నా వేలికి తగిలించింది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లకు వచ్చిందట. డాక్టరమ్మకు తెలుసు, వెళ్లినప్పుడల్లా తడిమి చూస్తుంది. పెరగలేదు కాబట్టి ఇప్పుడే కోయక్కర్లేదంది.

“సూదులే ఆపినయి దాన్ని,” అన్నాడు మాజీ సర్పంచ్.

“అవ్వ చూసుకుంటున్నది,” అంది ఆయన భార్య.

తిరిగి వస్తూ మొయినాబాద్‌లో ఆగి డాక్టరమ్మను అడిగాను. సూదుల వల్ల ఆగిందో, అది మొదటి నుంచీ అంతే ఉండే గడ్డో చెప్పడానికి తన దగ్గర ఏ ఆధారమూ లేదంది. కందిగింజంత గడ్డ. ఇంకా అక్కడే ఉంది.